ఒక్కటే గుర్రం

"గుర్రాలెన్ని?"

హిమజ ఆ ప్రశ్న అడగడం రెండు రోజుల్లో మూడోసారి.

"ఒక్కటే మేడం," అన్నాడు పోచయ్య, మూడోసారీ అదే గొంతుతో.

అబద్ధం ఆడేవాడు మూడోసారికి తడబడనైనా తడబడతాడు, విసుక్కోనైనా విసుక్కుంటాడు. పోచయ్య రెండూ చెయ్యలేదు. బాద్‌షా జూలులో చిక్కుకున్న గడ్డిపోచ తీసి పారేసి, ఇంకేమైనా అడుగుతుందేమోనని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. టోలిచౌకిలో పెళ్లి ఊరేగింపుల గుర్రాల దగ్గర మొదలుపెట్టి, సినిమాల్లోకి వచ్చి, ముప్పై ఏళ్లుగా గుర్రాల మధ్యే బతుకుతున్నాడు.

"ఈ సినిమాకు వచ్చినకాడికెల్లి ఈ షెడ్డుల ఇంకో గుర్రాన్ని కట్టేసిండ్రా?"

"లేదు మేడం. నా బాద్‌షా పక్కన ఇంకోదాన్ని కట్టనియ్య నేను."

అదీ నిజంలాగే ఉంది. గోడకు ఒకటే గొలుసు, ముందర ఒకటే నీళ్లతొట్టి. హిమజ పుస్తకంలో 9.20 అని టైము వేసి, పక్కన 'ఒకటి' అని రాసి, దాని కింద గట్టిగా గీత గీసింది. కోపం వచ్చినప్పుడు ఆమె గీతలు గీస్తుంది. ఆ పేజీలో అప్పటికే ఆరు గీతలున్నాయి.

హిమజ చదివింది పశువైద్యం. చేసేది మాత్రం పోలీసు పనికి తోబుట్టువు. పశువుల నుంచి మనుషులకు పాకే జబ్బులు ఎక్కడ మొదలయ్యాయో, ఎవరి మీదుగా ఎటు పోతున్నాయో కనిపెట్టి అడ్డుకట్ట వేసే నిఘా విభాగంలో ఆమె దర్యాప్తు అధికారి. ఫిల్మ్‌నగర్‌లోని ఈ స్టూడియోలో అడుగుపెట్టిన గంటలోనే ఆమెకు 'గుర్రాల డిటెక్టివ్' అని పేరు పడిపోయింది. సినిమావాళ్లకు కథ తెలియకపోయినా ఫరవాలేదు, టైటిల్ మాత్రం ముందే కావాలి.

కేసు పైకి చిన్నదే. మేకప్‌మాన్ నాగసాయికి మార్చి పన్నెండున జ్వరం వచ్చింది. పదిహేనున ఆసుపత్రిలో చేరాడు. పదహారున ఊపిరి అందక గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు. పదిహేడున లాబ్ నుంచి ఒక్క మాట వచ్చింది: గ్లాండర్స్. గుర్రాలకూ గాడిదలకూ వచ్చే పాత జబ్బు. అది ఉన్న గుర్రం చీదినప్పుడు ఆ తుంపర మనిషి ముక్కులోకో, ఒంటి మీది గాయంలోకో పోతే చాలు. అంటిందని తెలిసిన వెంటనే మందు పడితే మనిషి దక్కుతాడు, ఆలస్యమైతే దక్కడం కష్టం. జబ్బు తేలిన గుర్రాన్ని మాత్రం చట్టం బతకనివ్వదు.

యూనిట్‌లో అందరూ చెప్పినదాన్ని బట్టి, నాగసాయి ఈ మధ్య దగ్గరికి పోయిన గుర్రం బాద్‌షా ఒక్కటే. దాని రక్తం అనుమానం వచ్చిన రోజు ఒకసారి తీశారు, లాబ్ మాట వచ్చాక మరోసారి తీశారు. రెండుసార్లూ జబ్బు లేదనే తేలింది. ఇవాళ పంతొమ్మిది. గుర్రానికి లేని జబ్బు గుర్రం దగ్గర మనిషికి ఎలా అంటిందో హిమజకు అంతుచిక్కడం లేదు.

ఉదయం ఏడున్నరకు ఆసుపత్రి వరండాలో నాగసాయి భార్య లీలాకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇరవై ఏళ్ల కిందట రాజమండ్రి నుంచి మధురానగర్‌కు కాపురానికి వచ్చిన మనిషి. గొట్టం వెయ్యకముందు మీ ఆయన ఏమైనా అన్నారా అని అడిగితే, పెద్దగా ఏమీ అనలేదని చెప్పింది. ఏ జంతువు దగ్గరికైనా వెళ్లారా అని డాక్టరుగారు అడుగుతూనే ఉన్నా, ఆయన మాత్రం ఆక్సిజన్ మాస్కులోంచి దూప, దూప అని కలవరించారట. నర్సు నీళ్లు పట్టబోతే తల అడ్డంగా తిప్పేశారట.

"ఇన్నేళ్లలో ఆయన దాహం అనడమే విన్నానండీ. జ్వరంలో ఈ ఊరి మాట వచ్చేసింది కాబోలు," అని లీలాకుమారి నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

దూప అంటే దప్పికే. హిమజ పుట్టి పెరిగింది బోరబండలో. వాళ్లింట్లో నాయనమ్మ నుంచి పిల్లల దాకా అందరికీ దూపే అవుతుంది, దాహం పుస్తకాల్లోవాళ్లకు అవుతుంది. ఆమె ఆ మాట రాసుకుని వదిలేసింది.

లీలాకుమారి మాత్రం ఆమె చెయ్యి వదల్లేదు. "ఈయన్ని డాక్టర్లు చూసుకుంటున్నారు. నా భయమంతా మా మరిది విహారి గురించండీ. అత్తగారు పోతే అయిదేళ్లవాణ్ణి నేనే పెంచాను. అన్న ఒప్పుకున్న పనులు పోకూడదని, ఆ షూటింగులన్నిటికీ ఇప్పుడు వాడే పోతున్నాడు. వాడి జోలికి ఈ జబ్బు రాకుండా చూడండి."

చూస్తానని మాట ఇచ్చేసి హిమజ నాలుక కరుచుకుంది. విహారికి నిన్ననే పరీక్ష చేయించింది, కుర్రాడు శుభ్రంగా ఉన్నాడు. కానీ జబ్బు ఎక్కడ కూర్చుందో తెలియకుండా ఎవరి జోలికి రాకుండా చూస్తుంది? ఇవ్వకూడని మాట ఇచ్చాననే బాధ షెడ్డు దాకా ఆమె వెంటే వచ్చింది.

సరిగ్గా పదింటికి సీఐ తిరుమలేశ్ వచ్చాడు. ఆసుపత్రివాళ్లు మొదట్లో అనుమానాస్పద కేసని పోలీసులకు చెప్పడంతో అతను ఇందులో కాలు పెట్టాడు. పెట్టిన కాలు తియ్యడం అతనికి అలవాటు లేదు. తెలివైనవాడే. ఆ తెలివి ఊళ్లో తనొక్కడికే ఉందనుకుంటాడు, అదే తంటా.

నాగసాయి దగ్గర అసిస్టెంటుగా చేసే రామకృష్ణను పొద్దున్నే తెచ్చి స్టేషన్లో కూర్చోబెట్టానన్నాడు. పదకొండో తేదీన గురుశిష్యులిద్దరూ యూనిట్ అంతా చూస్తుండగా తిట్టుకున్నారు. గంట తర్వాత రాజీకని రామకృష్ణ మజ్జిగ తెచ్చిచ్చాడు. మర్నాటికి నాగసాయికి జ్వరం.

"కేస్‌షీట్ల రాసే ఉన్నది. దూప దూప అని కొట్టుకున్నడు. గొంతు కాలితేనే గట్ల దూపయితది," అన్నాడు తిరుమలేశ్. "మజ్జిగల ఏందో కలిపిండు వాడు."

"మజ్జిగల కలిపితే ఊపిరితిత్తులల్ల గ్లాండర్స్ ఎట్ల దొరికింది సార్?"

"లాబోళ్లు తప్పు చెయ్యరా? గుర్రానికి లేని రోగం మనిషికి యాడికెల్లి వచ్చింది? జర మీరే చెప్పుండ్రి."

నిన్నటి నుంచి హిమజ తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది. అదే ప్రశ్న ఇంకొకడి నోటి నుంచి వింటే ఒళ్లు మండింది.

తిరుమలేశ్ రెండో కాగితం తీశాడు. బాద్‌షా రిపోర్టులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి గనక పన్నెండింటికి స్టూడియో సీలు తీసెయ్యమని పైనుంచి ఆదేశం. ఆ తర్వాత ఎవరి షూటింగు వాళ్లది, హిమజ ఫైలు హిమజది.

"రెండు గంటలున్నయి," అన్నాడు. "గంతల మీ గుర్రం మాట మారుస్తదేమో అడిగి చూడుండ్రి."

హిమజ మేకప్ గది తాళంచెవి ఇమ్మని చెయ్యి చాపింది. అతనితో వాదించి గెలవొచ్చు. గెలిచేసరికి పన్నెండవుతుంది.

నాగసాయి మేకప్ గదికి పదహారో తేదీన వేసిన సీలు అలాగే ఉంది. పది పదిహేనుకు ఆమె చేతి తొడుగులు వేసుకుని, మాస్కు బిగించుకుని లోపలికి పోయింది. అద్దం ముందు పెట్టె. పై అరలో మనుషుల ముఖాలకు వాడే సరంజామా, రంగు డబ్బాలు, స్పాంజీలు, సన్నటి కుంచెలు, అన్నీ పూజ సామానులా పొందిగ్గా సర్దిపెట్టి ఉన్నాయి. నాగసాయి ఎలాంటి పనివాడో ఆ అర చూస్తేనే తెలుస్తుంది.

కింది అరలో ఒక కుంచె గుడ్డలో చుట్టి వేరుగా ఉంది. రెండు వేళ్ల వెడల్పు. అంత వెడల్పు కుంచె హీరోయిన్ ముఖానికి ఎత్తితే మర్నాడు ఆ మేకప్‌మాన్ పనిలో ఉండడు. కుంచె కుచ్చు నల్లటిది. దాని నిండా తెల్లరంగు ఎండిపోయి ఉంది. ఎండిన రంగులో అతుక్కుని నాలుగైదు వెంట్రుకలున్నాయి. గోధుమరంగువి, పొట్టివి, మొరటువి.

పశువైద్యురాలికి భూతద్దం అక్కర్లేకపోయింది. అవి గుర్రం వెంట్రుకలు.

కుంచెను సంచిలో వేసి సీలు చేసి, 10.32 అని రాసి, హిమజ దాదాపు పరుగున షెడ్డుకు వచ్చింది. బాద్‌షా కూడా గోధుమరంగే. నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లటి మచ్చ. ఆమె నల్లగుడ్డ ఒకటి తడిపి ఆ మచ్చ మీద గట్టిగా రుద్దింది. గుడ్డకు తెలుపు అంటలేదు. ఇంకోసారి రుద్దబోతే పోచయ్య నొచ్చుకున్నాడు.

"గది పుట్టుమచ్చ మేడం. తల్లి కడుపులకెల్లే వచ్చింది. రంగు కాదు."

హిమజకు కావలసిన మాట అదే. పుట్టుకతోనే తెల్లమచ్చ ఉన్న గుర్రానికి తెల్లరంగు పుయ్యాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

ఆ సినిమాలో కంటిన్యూటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్ సంహిత ఆఫీసు గదిలో దొరికింది. ఒక షాట్‌లో ఎడమ చేతికి ఉన్న గడియారం తర్వాతి షాట్‌లో కుడి చేతికి పోకుండా చూడటం ఆ అమ్మాయి పని. అందుకని ప్రతి షాట్‌కూ ఫొటో తీసి, టైముతో సహా దాచిపెడుతుంది. ఇరవై నాలుగేళ్లకే అంత అనుమానం అలవాటైన పిల్ల పోలీసు శాఖలో ఉండాల్సిందని హిమజకు అనిపించింది.

జ్వరానికి ముందు వారంలో గుర్రం ఉన్న ఫొటోలు చూపించమంటే, సంహిత మార్చి అయిదో తేదీవి తీసింది. ఆ రోజు మంటల్లోంచి గుర్రం దూకే సీను తీశారు. 10.40 ఫొటోలో బాద్‌షా పందిరి కింద నిలబడి ఉంది. నుదుటి మచ్చ కొస ఎడమ ముక్కుపుటం వైపు వంగి ఉంది. 10.52 ఫొటోలో గుర్రం మంటల పక్కన ఉంది. మచ్చ కొస తిన్నగా ఉంది. దాని కింద, ముక్కు నుంచి పెదవి దాకా పచ్చటి చార.

హిమజ వేలు ఆ చార మీద ఆగిపోయింది. "ఇది బాద్‌షా కాదు."

"కాదు మేడం. డూప్ కదా," అంది సంహిత తలెత్తకుండానే. "బాద్‌షాకి మంటలంటే భయం. అందుకని మచ్చ లేని గుర్రాన్ని తెప్పించి, నాగసాయిగారితో మచ్చ వేయించాం. గుర్రానికి రంగు వెయ్యడం ఆర్ట్‌వాళ్ల పనా మేకప్‌వాళ్ల పనా అని ఆ రోజు గంట గొడవ కూడా అయింది."

"మరి ఎన్ని గుర్రాలని అడిగితే అందరూ ఒక్కటే అన్నారేం?"

సంహిత అప్పుడు తలెత్తింది. ఆ పిల్ల ముఖంలో దాపరికం ఏ మూలా లేదు. "సినిమాలో గుర్రం ఒక్కటే కదా మేడం."

ఎవరూ అబద్ధం ఆడలేదు. డూప్‌ను లెక్కలో పట్టుకోవడం ఇక్కడ ఎవరికీ అలవాటు లేదు. మనిషి డూప్‌కే టైటిల్స్‌లో పేరు వెయ్యనివాళ్లు గుర్రం డూప్‌ను ఎందుకు లెక్కపెడతారు? అనుమతి కాగితాల్లో ఒకటే గుర్రం. రక్తం తీసింది ఆ ఒక్క గుర్రానికే.

డూప్, అని హిమజ మాస్కు లోపలే పైకి అంది. ఆ మాట గుడ్డకు తగిలి మెత్తబడి బయటికి వచ్చింది. ఇంకోసారి అంది. దూప్.

ఆక్సిజన్ మాస్కులోంచి నాగసాయి అన్నదీ ఇదే. దాహం అనే మనిషి దూప ఎందుకంటాడని భార్య ఆశ్చర్యపడుతూనే ఉంది. ఏ జంతువని డాక్టరు అడిగిన ప్రశ్నకు నాగసాయి మూడు రోజుల కిందటే సరైన జవాబు చెప్పాడు. ఆయనకు నీళ్లు పట్టారు. నర్సు చెవిదీ తన చెవిదీ ఒకే ఊరు, ఇద్దరూ తమ ఇంటి మాటే విన్నారు. హిమజకు తన మీద తనకే అసహ్యం వేసింది. దానికి తర్వాత తీరిగ్గా సిగ్గుపడొచ్చునని షెడ్డు వైపు నడిచింది.

ఈసారి ఆమె ప్రశ్న మార్చింది. అయిదో తేదీన డూప్‌ను ఎక్కడ కట్టేశారని అడిగింది.

"గాడ, జనరేటర్ బండి పక్కన," అన్నాడు పోచయ్య వెంటనే. "మీరు గుర్రాలెన్ని అనడిగిండ్రు. డూపు ముచ్చట అడగలే. అది మాది గూడ కాదు, కిరాయికి వచ్చింది."

"దాని ముక్కు కారుతుండెనా?"

పోచయ్య చెయ్యి బాద్‌షా మెడ మీద ఆగింది. "పచ్చగ, జిగటగ కారుతుండె. సర్ది అన్నరు. నాకు మనసొప్పలే. అందుకే నా బాద్‌షా దరిదాపులకు రానియ్యలే."

"మచ్చ వేసేటప్పుడు ఏమైంది?"

మూడుసార్లు చెక్కుచెదరని గొంతు ఇప్పుడు వణికింది. "నాగసాయి సారు మొహం నిండ చీదింది. అందరు నవ్విండ్రు. సారు గూడ నవ్వి తుడుసుకున్నడు. నేను గూడ నవ్విన మేడం."

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. తిరుమలేశ్. చేతిలో టీ కప్పు అలాగే ఉంది, టీ తాగినట్టు లేదు. రామకృష్ణను ఇంటికి పంపమని హిమజ చెబుదామనుకుంది గానీ అవసరం రాలేదు. అతను అప్పటికే స్టేషన్‌కు ఫోను కలిపి, మజ్జిగ పిలగాణ్ణి వదిలెయ్యమంటున్నాడు. ఓడిపోయినట్టు ఒప్పుకోవడం అతనికి రాదు. ఫోను పెట్టేసి, "జీపు గేటుకాడికి తెప్పిస్త," అని మాత్రం అన్నాడు.

డూప్‌ను పంపింది సినిమాలకు జంతువులను సరఫరా చేసే సుబ్బరామయ్య. రెండుసార్లు ఫోను ఎత్తలేదు. మూడోసారి, పదకొండు పద్దెనిమిదికి ఎత్తాడు. దాని పేరేమిటని హిమజ అడిగితే ఆయన నవ్వాడు.

"డూపుకి పేరేమిటండీ. ఏ గుర్రం కావాలంటే ఆ గుర్రం అవుతుంది. మచ్చ వేస్తే మచ్చ గుర్రం, తుడిస్తే మామూలు గుర్రం."

ఇప్పుడు ఎక్కడుందని అడిగింది. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళా ఒకటుంది, ఇవాళ పొద్దున్నే అక్కడికి పంపానన్నాడు. పన్నెండింటికి మొదటి షాట్. జలుబు చేసింది పాపం, అయినా పని ఎగ్గొట్టదు, బంగారంలాంటి గుర్రం అని మెచ్చుకున్నాడు కూడా. గుర్రం పక్కన ఎవరెవరున్నారో ఆయనకు తెలియదు. బంగళా దగ్గరి ప్రొడక్షన్ మేనేజరు నంబరు ఇచ్చాడు.

జీపు కదిలింది. బంగళా అక్కడికి పది నిమిషాల దారి. జబ్బు ఉన్న చోటు చివరికి చిక్కింది, ఇంకా ఎవరికీ అంటకముందే దాని చుట్టూ కంచె వెయ్యొచ్చు. మూడు రోజుల్లో మొదటిసారి హిమజకు గుండెలో కాస్త బరువు తగ్గింది. మేనేజరు నంబరు కలిపి, ఫోను స్పీకరులో పెట్టింది. తాను ఎవరో చెప్పి, అక్కడున్న గుర్రం దగ్గరికి ఎవరినీ పోనివ్వొద్దంది.

"మా దగ్గర గుర్రం ఒక్కటేనండీ. అది ఇంకా రాలేదు," అన్నాడు మేనేజరు.

హిమజ కళ్లు మూసుకుని తెరిచింది. "డూప్ వచ్చిందా?"

"ఆ, డూప్ వచ్చిందండీ. ఇదిగో, నా ఎదురుగానే ఉంది. నుదుట చంద్రవంక వేయిస్తున్నాం."

"ఎవరు వేస్తున్నారు?"

"మేకప్ అబ్బాయి విహారి. గుర్రాలకు మచ్చలు వెయ్యడంలో నాగసాయి చెయ్యి మంచిదని సుబ్బరామయ్యగారు చెబితే ఆయన్నే పెట్టుకున్నాం. ఆయనకు ఒంట్లో బాగోలేదట కదండీ, తమ్ముడొచ్చాడు."

తిరుమలేశ్ డ్రైవరు భుజం మీద చరిచాడు. జీపు ఒక్కసారిగా వేగం అందుకుంది.

"ఆ కుంచె కింద పడేసి దూరంగా రమ్మనండి," అంది హిమజ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మాట్లాడొద్దు. ముందు ఆ అబ్బాయిని వెనక్కి లాగండి."

మేనేజరు ఏమిటో అర్థంకాక ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఫోనులోంచి గుర్రం చీదిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ఎవరో నవ్వారు. ఆ వెనకే ఇంకెవరో నవ్వారు. తర్వాత లీలాకుమారి పెంచిన కుర్రాడి గొంతు, అదీ నవ్వుతూనే, మొహమంతా కొట్టింది, తుడుచుకోవడానికి ఎవరైనా గుడ్డ ఇవ్వండి అని అడుగుతోంది.